సింకు దగ్గర హరివిల్లు

కోవిడ్ తర్వాత బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, ఆగస్టు నెలలో, డాలస్ పక్కన ఇర్వింగ్ వైపు ఒక ఎలిమెంటరీ స్కూలును నాకు కొత్తగా అప్పగించారు. అప్పటికే చుట్టుపక్కల మరికొన్ని స్కూళ్లు నా కింద ఉన్నాయి. ‘నా కింద’ అన్నానని నేనేదో పెద్ద అధికారిననుకోకండి. నేను స్కూల్ ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఆ పేరు విని, ఉద్యోగాలు ఇప్పించే పని కాబోలు అనుకుని వాళ్లబ్బాయి రెజ్యూమె పంపించిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఒకాయనైతే హెచ్-1బి కూడా మీరే ఫైల్ చేస్తారా అని అడిగాడు. నిజానికి నాలుగేళ్ల పిల్లకి ‘ఆక్యుపేషన్’ అంటే ఆడుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, క్రేయాన్‌తో గీయడం. ఈ పనుల్లో చేతులు మొరాయించే పిల్లల చేతుల్ని దారికి తేవడమే మా ఉద్యోగం.

టెక్సస్‌లో ఒక పిల్లకి ప్రత్యేక విద్య అవసరమా కాదా అన్నది ఆర్డ్ కమిటీ అనే బృందం కూర్చుని తేలుస్తుంది. అందులో స్కూలు తరఫున ఒక అడ్మినిస్ట్రేటర్, క్లాస్ టీచర్, తల్లిదండ్రులు, డయాగ్నస్టీషియన్ ఉంటారు. డయాగ్నస్టీషియన్ అంటే పరీక్షలన్నీ నడిపించి, అందరి పరిశీలనలూ ఒక నివేదికగా కూర్చే నిపుణురాలు. ఆ గదిలో ఆవిడ మాటకు బరువెక్కువ. మా బోటివాళ్లది ‘రిలేటెడ్ సర్వీస్’, అంటే అనుబంధ సేవ. అది పెళ్లిలో ఫొటోగ్రాఫరులాంటి హోదా. ఆయన లేకుండా కార్యక్రమం కదలదు, కానీ భోజనానికి ఆఖరి పంక్తిలో కూర్చోవాలి.

మాకు స్కూల్లో సొంత గది ఉండదు. సామానంతా కారు డిక్కీలో ఒక ప్లాస్టిక్ టబ్బులో తిరుగుతుంది. ఆ టబ్బులో ఖరీదైన వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. గుడ్ల అట్టపెట్టెలు, పాత టీషర్టులు, దూది, వంటింటి స్పాంజిలు, బట్టల క్లిప్పులు, అంతే. మా ఆవిడ గరాజ్‌లో ఆరేసిన బట్టలు కింద పడి ఉండటం చూసి, “క్లిప్పులేమయ్యాయండీ?” అనేది. అవి స్కూల్ డిస్ట్రిక్టులో ఉద్యోగం చేస్తున్నాయని చెప్పేవాణ్ణి. జీతం మాత్రం మీకే వస్తోంది కదా అనేది ఆవిడ.

ఆ స్కూల్లో ప్రీ-కె, అంటే నాలుగేళ్ల పిల్లల క్లాసు, డెనీస్ అనే టీచరుది. చాలా ఏళ్ల అనుభవం, పెద్ద గొంతు, పెద్ద నవ్వు. సెప్టెంబరులో ఆవిడ నన్ను పక్కకు పిలిచి తన్వి అనే పాప గురించి చెప్పింది. బడిలో దాదాపు మాట్లాడదు. రంగుల పేర్లు అడిగితే నేల చూస్తుంది. కత్తెర పట్టుకోదు. తోటి పిల్లలకు ఏదీ వేలెత్తి చూపించదు. తల్లిదండ్రుల అనుమతితో పరీక్షలు మొదలయ్యాయి. మాటల సంగతి స్పీచ్ థెరపిస్టు చూస్తుంది, చేతుల సంగతి నాది, అంతా కలిపి కూర్చేది హార్లన్ గారు అనే డయాగ్నస్టీషియన్. ఫలితాన్ని బట్టి తన్వి డెనీస్ క్లాసులోనే ఉంటుంది, లేదా ఇంకో క్యాంపస్‌లో ఉన్న చిన్న ప్రత్యేక తరగతికి మారుతుంది. ఆ ప్రత్యేక తరగతి అవసరమైన పిల్లలకు అది వరమే. అవసరం లేని పిల్ల అక్కడికి వెళితే మాత్రం, మాటలు నేర్పే తోటి పిల్లలు దూరమైపోతారు. తేలాల్సింది అదీ.

తన్వి తల్లి సుష్మ, తండ్రి ఇద్దరూ లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. కరీంనగర్ వైపువాళ్లు. కోవిడ్ రోజుల్లో వాళ్లిద్దరూ చెరో గదిలో తలుపేసుకుని మీటింగుల్లో ఉంటే, పాప నాయనమ్మ దగ్గరే పెరిగింది. “ఇంట్ల అసలు నోరు మూయదు సర్, నాన్‌స్టాప్‌గ మాట్లాడ్తది” అని సుష్మ ఫోన్‌లో చెప్పింది. నేను రాసుకున్నాను. కానీ మా వృత్తిలో ఈ మాట ప్రతి తల్లీ చెబుతుంది, మేం కళ్లారా చూసిందాన్ని బట్టే తేల్చాలి. దుబాసీని ఫోన్ లైన్‌లో పెట్టి ఒకసారి పరీక్ష చేశారు. ఫోన్‌లోంచి వచ్చే గొంతు విని తన్వి ఫోన్‌ను బోర్లా తిప్పేసింది.

పరీక్షించేవాడే దుబాసీగా ఉండకూడదన్నది నియమం. అయినా భవనం మొత్తానికి తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, తన్వి ఏమన్నా అంటే అర్థం చెప్పమని అందరూ నా వైపే చూసేవారు. నాకూ అది బాగానే ఉండేది. ఫొటోగ్రాఫరును పీటల దగ్గరకు పిలిచినట్టు.

అక్టోబరులో డెనీస్ క్లాసు కెఫెటేరియాలో వడ్డించేవాళ్లకీ, బస్సు డ్రైవర్లకీ ఇవ్వడానికి కార్డులు చేయాలనుకుంది. నేను హరివిల్లు కార్డులు చేద్దామన్నాను. చూసేవాళ్లకు అది ఆట, నాకు మాత్రం అంతకు మించిన పరీక్ష లేదు. ఎందుకో చెబుతాను.

మందపాటి కాగితాన్ని సగానికి మడిచి, బల్ల మీద పెట్టకుండా, పిల్ల కళ్ల ఎత్తులో గోడకు టేపుతో అంటిస్తాం. నిలువుగా ఉన్న కాగితం మీద గీస్తే మణికట్టు దానంతట అదే వెనక్కి వంగుతుంది, పెన్సిలు పట్టుకోవడానికి కావాల్సిన వంపు అదే. గుడ్ల అట్టపెట్టెలో ఒక్కో గుంటలో ఒక్కో రంగు పోస్తాం. స్పాంజిని చిన్న ముక్కలుగా కోసి, ముక్కను బట్టల క్లిప్పుకు పట్టిస్తే కుంచె తయారు. రంగు మారినప్పుడల్లా క్లిప్పు నొక్కి ముక్క మార్చాలి కాబట్టి బొటనవేలూ చూపుడువేలూ కలిసి పనిచేయక తప్పదు. ఇక అసలు సంగతి ఎరుపు దగ్గర ఉంది. హరివిల్లులో ఎరుపు అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద వంపు. ఎడమ అంచున మొదలుపెట్టి, తల మీదుగా తిప్పి, కుడి అంచున దించాలి. అదంతా ఒకే చేత్తో చేస్తే, ఆ చెయ్యి ఒంటి మధ్యగీతను దాటినట్టు. దాటలేని పిల్లలు ఎడమ చేత్తో మొదలుపెట్టి, వంపు నడినెత్తికి రాగానే క్లిప్పును కుడి చేతికి అందించేస్తారు. అలాంటి పిల్లలకు రేపు చదవడంలో, రాయడంలో చేతులు పేచీ పెడతాయి. చివర్లో రెండు కొసలకూ దూది అంటిస్తే మబ్బులు, కార్డు పూర్తి.

తన్వి వంతు వచ్చింది. వాళ్ల నాన్న పాత టీషర్టును ముందు వెనక చేసి తొడిగాం, అది కాళ్ల దాకా వచ్చింది. తను గోడ ముందు నిలబడి, తెల్లటి కాగితం వైపు చూస్తూ, నా చొక్కా అంచు లాగి గుసగుసగా ఒక మాట అంది. నాకు ‘సింకిడి’ అని వినిపించింది.

ఇక్కడ పుట్టిన మన పిల్లల తెలుగు నాకు కొట్టినపిండి. ‘ద’ వాళ్ల నోట్లో ‘డ’ అవుతుంది. ‘ఇది’ని ‘ఇడి’ అంటారు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు కలిపి ‘కార్ ఇడి’, ‘డాగీ ఇడి’ అంటారు. కాబట్టి ‘సింకిడి’ అంటే ‘సింక్ ఇది’. చేతికి రంగంటుకుంటుందని భయపడి చేతులు కడుక్కోవాలంటోంది, పాపం. సింకు మా వెనక మూలలో ఉంది. తీసుకెళ్లి చేతులు కడిగించాను. తన్వి బుద్ధిగా కడుక్కుంది. తిరిగొచ్చాక మళ్లీ ‘సింకిడి’ అంది. మళ్లీ తీసుకెళ్లాను. మూడోసారికి ఏడుపు లంకించుకుంది.

నేను ఊరుకోవచ్చు కదా. డెనీస్‌కూ, స్పీచ్ థెరపిస్టుకూ ఇది రెండు భాషలు కలిపి చెప్పిన రెండు మాటల వాక్యమని, మంచి పరిణామమని ఉత్సాహంగా వివరించాను. డెనీస్ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత క్లాసులో తన్వి ఆ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు పరుగున సింకు దగ్గరకు తీసుకెళ్లడం మొదలైంది. కార్డుల బల్ల దగ్గరకు వస్తే చాలు ఆ మాట అనేది, చేతులు కడిగించేవాళ్లం, ఏడ్చేది. ఆ క్లాసులో అంత శుభ్రమైన చేతులున్న పిల్ల ఇంకొకరు లేరు.

కొన్నాళ్లకు హార్లన్ గారు నన్ను పిలిచి, తన్వికి సింకు మీద అతిగా ధ్యాస ఉన్నట్టు అందరూ చెబుతున్నారని, ఒకే వస్తువు చుట్టూ తిరగడం, ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం, ఏదీ వేలెత్తి చూపించకపోవడం కలిపి చూస్తే ప్రత్యేక తరగతి వైపే మొగ్గు కనిపిస్తోందని చెప్పారు. ఆవిడ తొందరపడే మనిషి కాదు. తల్లిని కూడా అడిగారట, పాపకు ఇంట్లో సింకు అంటే ఇష్టమా అని. సుష్మ అయోమయపడి, నీళ్లంటే పిల్లలందరికీ ఇష్టమే కదా అందట. అదీ నివేదికలో చేరింది. ఆర్డ్ మీటింగు నవంబరులో, థాంక్స్‌గివింగ్ సెలవులకు ముందు వారంలో పెట్టారు.

నాకు మనసు నిమ్మళంగా లేదు. తన్వి కళ్లలో ఏదో చురుకు ఉంది, అది నా కాగితాల్లోకి రావడం లేదు. కానీ ఆ కళ్లలో చురుకుందని నివేదికలో ఎలా రాస్తాం?

ఒకరోజు మధ్యాహ్నం పిల్లల్ని ఆటస్థలానికి తీసుకెళ్లారు. తన్వి మెట్లెక్కే తీరు చూడాలని నేనూ వెళ్లాను. కంచె అవతల పచ్చిక మీద స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. ఎండ మా వీపుల మీద పడుతోంది. నీటి తుంపరలో చిన్న హరివిల్లు నిలబడింది, స్ప్రింక్లర్ అటు తిరిగితే మాయమై, ఇటు తిరిగితే మళ్లీ వస్తోంది.

తన్వి జారుడుబల్ల మెట్ల మీద నుంచే కేక పెట్టింది.

“సింగిడి! సింగిడి!”

దిగి, పరుగెత్తుకుంటూ కంచె దగ్గరకు వెళ్లింది. చెయ్యి పూర్తిగా చాచి వేలు పెట్టి చూపించింది. అంతటితో ఆగలేదు. వెనక్కి తిరిగి, నేను చూశానా లేదా అని నా ముఖంలోకి చూసింది. మళ్లీ హరివిల్లు వైపు చూసింది. మళ్లీ నా వైపు. ఈ చూపుల రాకపోకల్ని మా పరిభాషలో జాయింట్ అటెన్షన్ అంటారు, తను చూసినదాన్ని పక్కవాడితో పంచుకోవడం. తన్వికి లేదని అందరం అనుకున్నది సరిగ్గా అదే. చుట్టుపక్కల ఎక్కడా సింకు లేదు.

నాకు ఒకేసారి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మాది అమలాపురం. మా ఇంట్లో హరివిల్లు అన్నాం, పుస్తకంలో ఇంద్రధనుస్సు అని చదివాం. మద్రాసులో చదువుకుని అటునుంచి అటే ఈ దేశం వచ్చేశాను. మూడో మాట ఒకటుందని నాకెవరూ చెప్పలేదు.

బడి వదిలాక పిల్లల్ని కార్లలో ఎక్కించే వరుసలో నేనే నిలబడ్డాను. తన్వి వాళ్ల నాన్న డ్రైవ్ చేస్తున్నాడు, వెనక సీట్లో నాయనమ్మ ఉంది. పాపను ఎక్కిస్తూ, “అమ్మా, సింగిడి అంటే ఏమిటండీ?” అని అడిగాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “సింగిడంటె సింగిడే సారూ. వానవడి ఎండొస్తె మొగులు మీద రంగులు రంగులు వడ్తది సూడు, గది. మీరు తెలుగోళ్లే గదా?”

“తెలుగువాణ్ణేనండీ. మేం హరివిల్లు అంటాం.”

“గట్లనా. మంచిగనే ఉన్నది” అంది ఆవిడ, నన్ను క్షమించినట్టు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. తన్వి సీటు బెల్టు పెట్టించుకుంటూ, “బాపమ్మా, సార్‌కి సింగిడి సూపెట్టిన” అంది. నేను ఆ పాప నోట విన్న మొదటి పూర్తి వాక్యం అది.

మరునాడు కాగితం గోడకు అంటించి, “తన్వీ, సింగిడి చేద్దామా?” అన్నాను. తన్వి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇన్నాళ్లకు దారికొచ్చావా అన్నట్టుంది. ఇక ఆపితే ఒట్టు. “ఎర్రది ముందుగాల వెయ్యాలె. పైన వెయ్యాలె. నువ్వు వట్టుకో, నేను వేస్త.” నన్ను సహాయకుడిగా నియమించుకుని పని నడిపించింది.

రంగుల పేర్ల చిక్కు కూడా అప్పుడే విడిపోయింది. పసుపు గుంట చూపిస్తే “పచ్చ” అంది. ఆకుపచ్చ గుంట చూపించినా “పచ్చ” అంది. తెలుగు రానివాళ్లకు ఇది రంగులు పోల్చుకోలేకపోవడమే. “ఏ పచ్చ?” అని అడిగాను. “ఇది పసుపుది, గది ఆకుది” అంది, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. ఈసారి మాత్రం ఆ మాట నేను చిన్నప్పటి నుంచి ఎరిగిందే.

అయితే వృత్తిధర్మం ప్రకారం ఇంకొకటి కూడా చూశాను. ఎర్ర వంపు నడినెత్తికి రాగానే తన్వి క్లిప్పును కుడి చేతికి మార్చింది. పసుపుకీ అంతే, నీలానికీ అంతే. చేతుల విషయంలో సాయం నిజంగానే కావాలి. మాట దొరికిన సంతోషంలో దాన్ని దాచిపెట్టలేదు.

హార్లన్ గారి గదికి వెళ్లి, సింకు సంగతి నా అనువాదంలో పుట్టిందని, నివేదికలోంచి దాన్ని తీసేయాలని చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. మీ భాషలో హరివిల్లుకు ఎన్ని మాటలున్నాయి అని అడిగారు. నాకు తెలిసినవి మూడు, నిన్నటిదాకా రెండే అన్నాను. ఆవిడ నవ్వేసి, వెంటనే పని మొదలుపెట్టారు. ఈసారి తెలంగాణ మాట తెలిసిన దుబాసీని, ఫోన్‌లో కాకుండా, మనిషినే రప్పించి, మాటల పరీక్ష మొదటి నుంచి చేయించారు. తన్వి ఆమె ఒడిలో కూర్చుని, నాయనమ్మ చేసే సర్వపిండి దగ్గర్నుంచి పక్కింటి కుక్క దాకా వర్ణించింది.

ఆర్డ్ మీటింగులో సుష్మ దంపతులు బిగుసుకుపోయి కూర్చున్నారు. పాపకు సింకు అంటే ఇష్టమా అని హార్లన్ గారు అడిగిన రోజు నుంచి సుష్మ ఇంట్లో బాత్రూము తలుపులన్నీ మూసి ఉంచుతోందట. అడ్మినిస్ట్రేటర్ అందర్నీ పరిచయం చేశాక, హార్లన్ గారు ముందుగా నన్నే మాట్లాడమన్నారు. జరిగింది చెప్పాను. సుష్మ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, “అయ్యో సర్, సింకా!” అని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని డెనీస్ టిష్యూ పెట్టె జరిపింది. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. టిష్యూలు డెనీస్‌కూ అవసరమయ్యాయి.

కమిటీ నిర్ణయం సాదాసీదాగా తేలింది. తన్వి డెనీస్ క్లాసులోనే ఉంటుంది. ఇంగ్లీషు కొత్త కాబట్టి ఆ వైపు తోడ్పాటు ఇస్తారు. చేతుల కోసం వారం వారం నా దగ్గరకు వస్తుంది. అందరూ సంతకాలు పెట్టారు. ఆ ఏడాది వసంతానికి తన్వి ఎర్ర వంపును ఒకే చేత్తో, మధ్యలో ఆగకుండా, ఈ కొస నుంచి ఆ కొసకు లాగింది. క్లిప్పు కింద పెట్టి, “అయిపాయె” అంది.

డెనీస్ క్లాసులో ఆ కార్డులకు ‘సింగిడి కార్డులు’ అన్న పేరే స్థిరపడింది. మెక్సికో, వియత్నాం, నేపాల్ పిల్లలంతా ఆ పేరే అనేవారు. నేను రిటైరైన రోజున పిల్లలు నాకిచ్చిందీ అదే కార్డు. దూది మబ్బు ఒకటి ఊడిపోయింది, మా ఆవిడ అతికించింది. క్లిప్పులు కూడా ఇంటికొచ్చేశాయా అని అడిగింది.

ఈ ఉదంతం నేర్పింది చెప్పి ముగిస్తాను. భాష రానివాడు పిల్ల మాట ఇంకోసారి అడుగుతాడు. భాష వచ్చినవాడు అర్థమైపోయిందనుకుని లేచి నడుస్తాడు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, మాట ఎంత తేటగా వినిపించినా సరే, పిల్లల్ని “ఏదీ, చూపించు” అని అడిగి గానీ కదిలేవాణ్ణి కాదు. తన్విని అడిగి ఉంటే మొదటి రోజే చూపించేది. సింకు మా వెనక ఉంది. తను చూస్తున్నది ఎదురుగా ఉన్న కాగితం వైపు.